నేల కదలని రోజులు

2001 జనవరి 27, శనివారం

నిన్న ఉదయం గుజరాత్‌లో భూకంపం. టీవీలో భుజ్ పట్టణాన్ని చూపిస్తామంటున్నారు. చూపించడానికి అక్కడ పట్టణమంటూ మిగల్లేదు. నాన్న మిరప కళ్లం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గంటసేపు నిలబడి చూశాడు. "ఎంతమంది పోయారమ్మాయ్?" అని అడిగాడు. తెలియదన్నాను. ఏ ప్రశ్నకైనా ఆ జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. నోటికి చేదుగా తోచింది.

నేను ఇంటికి వచ్చి నలభై రోజులు. జూన్ దాకా యూనివర్సిటీలోకి నన్ను రానివ్వరు. డిసెంబరు వక్తృత్వ పోటీలో ముఖ్య అతిథి చెప్పిన మూడు అంకెలూ అబద్ధమని, ఆయన మైకు ముందు నిలబడి ఉండగానే నిరూపించాను. సస్పెన్షన్ కాగితంలో 'అనుచిత ప్రవర్తన' అని రాశారు. అంకెలు అబద్ధమా కాదా అన్న ప్రస్తావన అందులో లేదు. అంటే ఆ వాదనలో నేనే గెలిచాను.

గెలిచిన మనిషికి ఇంత అలసట ఎందుకుంటుందో విచారించాలి. ఇవాళ కాదు.

జనవరి 31

ఉదయం ఆరూ నలభైకి మా ఊళ్లో నేల కంపించింది. రెండు క్షణాలు. అటక మీది ఇత్తడి గిన్నెలు ఒకదాన్నొకటి తాకి ఊరుకున్నాయి. గర్జన లేదు, నష్టం లేదు. ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి చిన్న కంపాలు ఎప్పుడూ ఉన్నవే. పుస్తకాల్లో చదివిన విషయం నా కాళ్ల కిందికి రావడం మాత్రం ఇదే మొదలు. భయపడవలసింది, సంతోషించాను.

ఇకనుంచి ప్రతి కంపాన్నీ నమోదు చేస్తాను. ఏ రోజు పేజీ అంచున ఆ రోజు వేళ, ఎర్ర సిరాతో. పనిలేని మనిషికి ఒక శాస్త్రీయమైన పని.

ఫిబ్రవరి 4

చీమకుర్తి కొండ కింద అగ్నిపర్వతం ఉందట. శివరాత్రిలోగా బద్దలవుతుందట. ఎవరు పుట్టించారో తెలియదు గాని, మూడు కుటుంబాలవాళ్లు మంచాలూ గిన్నెలూ ట్రాక్టరుకెక్కించి పర్చూరులోని బంధువుల దగ్గరకు బయలుదేరారు. పొద్దున పాలకేంద్రం దగ్గర ఆ ట్రాక్టరు ముందే నిలబడ్డాను.

క్యాన్లలో పాలు పోయించుకుంటున్న కోటేష్ నన్ను చూసి, "రండి మేడం రండి. యూనివర్సిటీ వాళ్లు వద్దన్నారు గాని మేం వద్దంటామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. నవ్విన జనం వింటారు.

కాచిన పాల మీది మీగడను చూపించి చెప్పాను. భూమి పైపొర అంతా ఒకే ముక్క కాదు. పెద్దపెద్ద రాతి ఫలకాలు. కింది వేడికి అవి ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంటాయి. మనల్ని మోస్తున్న ఫలకం ఏడాదికి సుమారు రెండంగుళాల చొప్పున ఉత్తరానికి పోయి ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడుకు పడ్డ ముడతే హిమాలయం. ఆ ఒత్తిడి అంచుల దగ్గరే ఆగదు. ఫలకం లోపల ఎప్పటివో పాత పగుళ్లుంటే అక్కడా పేరుకుంటుంది. పట్టు జారిన క్షణాన భూకంపం. భుజ్‌లో జరిగింది అదే.

"అయితే మన పొలాల హద్దురాళ్లు కూడా ఉత్తరానికి పోతున్నట్టేగా?" అన్నాడు కోటేష్. "గట్టు జరిపాడని పోయినేడు మా పక్కోడితో కొట్టుకున్నానే అనవసరంగా!"

"వాడి పొలమూ అంతే జరిగింది కోటేష్ అన్నా. గొడవ అలాగే ఉంచుకో."

ఇక అగ్నిపర్వతం. ఒక ఫలకం అంచు మరొకదాని కిందికి దూరిన చోట, సముద్రపు తడి కూడా రాయితోపాటు లోతుకు దిగుతుంది. ఆ తడి తగిలితే అక్కడి వేడి రాయి సులువుగా కరుగుతుంది. కరిగింది పైకి తన్నుకొస్తుంది. మనకు దగ్గరలో అలాంటి చోటు అండమాన్ సముద్రంలో ఉంది, మన మండలంలో లేదు. చీమకుర్తి నల్లరాయి ఒకప్పుడు కరిగిన ద్రవమే. కోట్ల ఏళ్ల కిందట పైకి రాబోయి, రాలేక, నేలలోపలే చల్లారి గడ్డకట్టింది. చచ్చిపోయినదాన్ని చూసి పారిపోతారా అని అడిగాను.

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. డిసెంబరు తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

ఫిబ్రవరి 6

ఈరోజు 11.20కి. ముందు నేల కదిలింది. ఆరు లెక్కపెట్టేసరికి దూరాన గుడగుడమని గర్జన. ప్రధాన కంపం తర్వాత చిన్న కంపాలు వస్తూనే ఉంటాయి. సహజం.

ఫిబ్రవరి 10

9.50. మళ్లీ ఆరు అంకెల తర్వాత గర్జన. ఇక రోజూ వచ్చేట్టుంది.

ఫిబ్రవరి 15

సైదాబీ అత్తతో వాదన.

ఆమెది మా ఎదురిల్లు. ఊరికి నల్లరాయి క్వారీ వైపున చిట్టచివరి ఇల్లు. రాయీ మట్టీ కలిపి ఆమె భర్త చేత్తో కట్టిన గోడలు. ఆయన పోయాక ఆ గోడ కిందే కిటికీ వెలుగులో మిషను వేసుకుని ఊరి బట్టలన్నీ కుడుతుంది. నా పదేళ్ల వయసు నుంచీ నేను వేసుకున్నవన్నీ ఆమె కుట్టినవే.

"పొద్దస్తమానం ఏంది రాసుకుంటున్నావే దుర్గమ్మా?"

"భూకంపాల వేళలు అత్తా."

"ఇయ్యి భూకంపాలా? సైరన్ కొట్టకుండా మందు పేలుస్తున్నారే వాళ్లు! నా గోడ నెర్రె చూడు. సంక్రాంతికి వెంట్రుకంత. ఇప్పుడు నా కత్తెర మొన దూరుద్ది."

రెండు మాటల్లో తేల్చేశాను. ఒకటి: క్వారీలో మందు పేల్చే ముందు సైరన్ మోగించడం నా చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి. జనవరి నుంచి సైరన్ లేదంటే పేలుడు లేదనే అర్థం. రెండు: పేలుడైతే ముందు శబ్దం వినిపించాలి. ఇక్కడ ముందు నేల కదులుతోంది, ఆ తర్వాతే గర్జన. పేలుడు ఎక్కడైనా కదలిక తర్వాత మోగుతుందా?

ఆమె పళ్లతో దారం తెంపింది.

"చిన్నప్పుడే నీ నోటికి రెండు హుక్కులు కుట్టాల్సింది. మర్చిపోయా."

జవాబు లేనప్పుడు మనుషులు హాస్యమాడతారు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

అమావాస్య. నాన్న తెల్లారేసరికి మిరపకాయలను రోడ్డు పక్కకు తెచ్చి ఆరబోశాడు. ఈ రోజు రాతి లారీలు రావు. దుమ్ము పడదు, కాయ ఎర్రగా ఆరుతుంది. మా రోడ్డు ఇంత ప్రశాంతంగా ఉండగలదని నెలకొకసారి గుర్తొస్తుంది.

సైదాబీ అత్త పెళ్లివాళ్ల జాకెట్లన్నీ ముందేసుకుని హుక్కులు కుడుతోంది. కంటికి శ్రమైన చేతిపనంతా అమావాస్యకే పెట్టుకుంటుందట. ఎందుకని అడిగాను.

"ఇయ్యాల నేల ఊగదుగా. అమావాస్యనాడు..."

ఆమెను అక్కడే ఆపాను. శాస్త్రప్రకారం సంగతి తలకిందులని చెప్పాను. అమావాస్యనాడు సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నుంచి లాగుతారు. సముద్రంలో పోట్లు పెరుగుతాయి. నేల మీద ఆ లాగుడు ప్రభావమే ఉంటే, కంపం ఆ రోజు ఎక్కువ కావాలి గాని తక్కువ కాకూడదు. ఆమె ఏదో చెప్పబోయింది. నేనే పూర్తి చేశాను: దీన్ని మూఢనమ్మకం అంటారని.

ఈ పేజీ అంచు ఖాళీ. కంపం లేదు. యాదృచ్ఛికం.

మార్చి 6

బక్రీద్. సైదాబీ అత్త గిన్నెనిండా పలావు పంపింది. తిన్నాను. 10.30.

మార్చి 12

క్వారీ మేనేజరు వీరబాబు మా ఇంటికి వచ్చాడు. అతనితో వాదించాలని సిద్ధంగా కూర్చున్నాను, అతను వాదించలేదు. "పాలకేంద్రం దగ్గర మీరు చెప్పింది అందరూ చెప్పుకుంటున్నారండీ. మా ఇంజినీరుకు కూడా అంత వివరంగా తెలియదు మేడం," అన్నాడు.

క్వారీవాళ్లు కొత్త గుంత తవ్వడానికి అనుమతి అడిగారు. పాత గుంత ఊరికి రెండు కిలోమీటర్లు. కొత్తది ఒక్క కిలోమీటరు. పేలుళ్ల వల్ల తన గోడ పగులుతోందనీ, కొత్త గుంత వస్తే ఇల్లే నిలవదనీ సైదాబీ అత్త అర్జీ పెట్టింది. పందొమ్మిదిన ఎమ్మార్వో గారి ముందు గ్రామసభ.

"మా తరఫున మాట్లాడమని అడగడం లేదండీ. నిజం ఏదైతే అదే చెప్పండి చాలు," అన్నాడు వీరబాబు.

నేను ఎవరి తరఫునా మాట్లాడను. నిజం తరఫున మాట్లాడతాను. ఈ వాక్యం బాగుంది, సభలో వాడాలి.

మార్చి 19, సోమవారం

సభ అయింది. ఉన్నది ఉన్నట్టుగా రాస్తాను.

స్కూలు ఆవరణలో షామియానా. సర్పంచ్ యలమందయ్య గారు అధ్యక్షులు. ఎమ్మార్వో గారు మధ్యలో, వీరబాబు ఆ పక్క. నాకు కూడా వేదిక మీద కుర్చీ వేశారు. కింద కూర్చుంటానని అన్నాను. రెండోసారి పిలిచారు, వెళ్లాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. ఫలకాలు, పాత పగుళ్లు, భుజ్, మా ఊరి కంపాల వరస. సైరన్ వాదన. చివరికి శబ్దం వాదన: "పేలుడు ముందు మోగుతుంది, తర్వాత కదుపుతుంది. భూమి ముందు కదులుతుంది, తర్వాత గర్జిస్తుంది. మీ చెవులే సాక్ష్యం!" చప్పట్లు. ఎమ్మార్వో గారు తల ఊపుతూ రాసుకున్నారు.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి సైదాబీ అత్త లేచింది. కొంగు నిండుగా కప్పుకుని, గొంతు సవరించుకుని, "అయ్యా, ఒక్క మాట. అమావాస్యనాడు..." అంది.

మైకు నా చేతిలోనే ఉంది. "చూశారా! అమావాస్య వచ్చింది. ఇక రాహుకాలం, వర్జ్యం కూడా వస్తాయి. ఫలకాలకు పంచాంగం చూపించి ముహూర్తం పెట్టిద్దామా అత్తా?" అన్నాను.

షామియానా కదిలేంత నవ్వు. కోటేష్ విజిలు వేశాడు. సైదాబీ అత్త చుట్టూ చూసి, కూర్చుంది.

అర్జీ తోసిపుచ్చారు. కొత్త గుంతకు అనుమతి వస్తుంది. వీరబాబు శాలువా కప్పబోతే నేను తీసుకోలేదు.

గెలిచాను.

మార్చి 20

ఆ శాలువా మా ఇంట్లోనే ఉంది. నాన్న తీసుకొచ్చాడట. "ఇచ్చింది వద్దంటే బాగోదుగా," అన్నాడు. బీరువాలో అడుగున పెట్టాను. 2.10.

మార్చి 25

కొత్త అమావాస్య. రేపు ఉగాది. నాన్న మళ్లీ కాయలు రోడ్డు మీదికి తెచ్చాడు. నేను పగలంతా నిద్రపోయాను. ఎవరూ లేపలేదు, ఏదీ లేపలేదు. అంచు ఖాళీ.

సైదాబీ అత్త కిటికీలోంచి కనిపించింది. తల ఎత్తలేదు. హుక్కులు కుడుతోంది.

మార్చి 29

కొత్త గుంత పని మొదలైంది. 12.25, 4.50. రోజుకు రెండు.

ఏప్రిల్ 3

గర్జన ఇప్పుడు మూడు లెక్కపెట్టేలోపే వస్తోంది. కదలిక కూడా బలంగా ఉంది. కంపకేంద్రం మాకు దగ్గరగా జరిగినట్టుంది. పగుళ్ల వెంట అలా జరగవచ్చు. జరగవచ్చుననే అనుకుంటున్నాను. ఈ విషయం ఎక్కడా చదవలేదు.

ఏప్రిల్ 12, గురువారం

11.40.

సైదాబీ అత్త గోడ పడిపోయింది. ఆమె మిషను తొక్కుతోంది. గోడ లోపలికే పడింది. మిషను అడ్డంపడి రాళ్లను ఆపబట్టి తలకేం కాలేదన్నారు. కుడి పాదం కింద ఉండిపోయింది.

రాళ్లు తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె అరవలేదు. "మిషను చూడండే, మిషను చూడండి," అంటూనే ఉంది.

ఏప్రిల్ 13

3.15.

ఏప్రిల్ 16

ఒంగోలు ఆసుపత్రిలో పాదానికి కట్టు కట్టారు. ఎముకలు నాలుగు చోట్ల విరిగాయి. ఆ కాలితో మళ్లీ మిషను తొక్కలేదని డాక్టరు చెప్పాడు. చూడ్డానికి వెళ్లాను, ఏం మాట్లాడాలో ముందే సిద్ధం చేసుకున్నాను, నాలుగు అంశాలు. మొదటిది ఎత్తుకోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "జాకెట్టు భుజం పిగిలిందే, చూసుకోలేదా?" అంది.

ఏప్రిల్ 19

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి గోడ కూలడాన్ని 'ప్రకృతి వైపరీత్యం' అని రాశాడు. ఆధారంగా పేర్కొన్నది గ్రామసభలో నా ఉపన్యాసం. నా పేరు తప్పులేకుండా రాశాడు.

అత్తను నిన్న ఇంటికి తెచ్చారు. పడిన గోడ స్థానంలో గోనె పట్టాలు కట్టారు. మిగిలిన మూడు గోడలకూ నెర్రెలున్నాయి. కొత్త గుంతలో పని సాగితే అవీ నిలవవు. ఆమెకు మరో చోటు లేదు.

ఇది భూకంపమే. భూకంపానికి నేను బాధ్యురాలిని కాను. ఈ వాక్యాన్ని మూడుసార్లు రాసి కొట్టేశాను.

ఏప్రిల్ 23, సోమవారం

పొద్దుటినుంచి ఏదో తక్కువైనట్టుంది. పది దాటింది, పన్నెండు దాటింది, మూడు దాటింది. గడియారం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. గిన్నె కదల్లేదు.

నాన్న ఆఖరి కోత కాయలు మోసుకుంటూ రోడ్డు మీదికి వెళ్తున్నాడు.

"ఇయ్యాల కూడా రోడ్డు మీదేనా నాన్నా?"

"అమావాస్యేగా అమ్మాయ్. క్వారీకి సెలవు. లారీలెక్కడుంటయ్?"

క్వారీకి సెలవు.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆదివారం లేదు, పండగ లేదు. అమావాస్యనాడు మాత్రం మా వైపు రాతి మీద ఉలి వేయరు, మందు ముట్టించరు. నాన్నకు తెలుసు, కోటేష్‌కు తెలుసు, సభలో నవ్విన ప్రతి మనిషికీ తెలుసు.

లోపలికి వచ్చి ఈ పుస్తకాన్ని మొదటినుంచి తిరగేశాను. ఫిబ్రవరి 10 నుంచి నేటికి డెబ్బై మూడు రోజులు. డెబ్బై పేజీల అంచున ఎర్ర సిరా ఉంది. ఉగాదినాడు ఉంది. బక్రీద్ నాడు ఉంది. ఒక్కటి తప్ప ఆదివారాలన్నిటా ఉంది. మూడు పేజీల అంచులు ఖాళీ: ఫిబ్రవరి 23, మార్చి 25, ఈ రోజు.

ఉత్తరానికి కోట్ల ఏళ్లుగా నడుస్తున్న ఫలకం నెలకొక రోజు సెలవు తీసుకోదు.

సాక్ష్యమంతా నా చేతిరాతలోనే ఉంది. రాసింది నేను. చదవనిది కూడా నేనే.

ఏప్రిల్ 26

మూడు రోజులు నడిచాను, చేతిగడియారం చూసుకుంటూ. మంగళవారం మా అరుగు మీద: కదలికకూ గర్జనకూ మధ్య మూడు సెకన్లు. నిన్న సగం దారిలో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర: ఒకటిన్నర. ఈరోజు కొత్త గుంత కంచె పక్కన: రెండూ కలిసే వచ్చాయి, వెంటనే పచ్చటి పొగా రాతిపొడీ.

రాతిలోంచి కదలిక వేగంగా వస్తుంది. గాలిలోంచి మోత ఆలస్యంగా వస్తుంది. రైలు పట్టాకు చెవి ఆనించిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి. పాత గుంత రెండు కిలోమీటర్లు: ఆరు సెకన్లు. కొత్తది ఒక కిలోమీటరు: మూడు. కంపకేంద్రం జరగలేదు. గుంతను ఊరి దగ్గరకు జరిపింది నా ఉపన్యాసం.

కంచె లోపలి నుంచి వీరబాబు చూశాడు. "ఎండలో ఇక్కడేంటి మేడం? రాయి ఎగిరి పడుద్ది," అన్నాడు. సైరన్ ఎందుకు మోగించడం లేదని అడిగాను.

"సైరన్ కొడితే ప్రతి నెర్రెకూ మమ్మల్నే అడుగుతున్నారండీ. భూకంపం అన్నాక ఎవరూ అడగడం లేదు." నవ్వాడు. "మీ పుణ్యమే."

వేళ రాసుకుని ఇంటికి నడిచాను.

ఏప్రిల్ 29

సైదాబీ అత్త మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఉపన్యాసంలా కాదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను.

"నీకు ముందే తెలుసా అత్తా?"

"తెలియకేం? నేను సభలో లేచింది అది చెప్పడానికేగా. నువ్వు నవ్వించావు. ఆ నవ్వులో నా మాట నాకే వినపళ్లా."

"తర్వాతైనా ఎందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు మొదలుపెట్టానే తల్లీ. మూడోసారికి నా గోడకు ఓపిక లేకపోయింది."

గురువారం ఆర్డీవో గారు విచారణకు వస్తున్నారు. అర్జీ మళ్లీ పెట్టాం. ఈసారి నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. కొత్త గుంతలో పేలుళ్లు ఆపాలి, ఒక్కటే కోరిక. సాక్ష్యంగా ఈ పుస్తకం ఇవ్వాలి. వేళలు మరెక్కడా లేవు.

అయితే ఇందులో ఉన్నవి వేళలు మాత్రమే కావు.

మే 1

బ్లేడు తెచ్చుకుని కూర్చున్నాను. ఫిబ్రవరి 15, ఫిబ్రవరి 23, మార్చి 19. ఈ మూడు పేజీలూ తీసేస్తే చాలనుకున్నాను. కాని ఫిబ్రవరి 23 తీసేస్తే మొదటి అమావాస్య పోతుంది. మార్చి 19 కాగితానికి వెనక 20 ఉంది. నా అహంకారం ఉన్న ప్రతి కాగితం మీదా ఒక తేదీ ఉంది.

పుస్తకం పట్టుకుని అత్త దగ్గరకు వెళ్లాను. ఆమెకు చదువు రాదు. ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించాను: 'జవాబు లేనప్పుడు మనుషులు హాస్యమాడతారు' నుంచి 'గెలిచాను' దాకా. ఆమె కళ్లు మూసుకుని వింది. పలావు దగ్గర మాత్రం, "బాగుందని రాయలేదేం?" అంది.

జనవరి 31 గురించి కూడా చెప్పాను. ఆ ఒక్క కంపం నిజంగా భూమిదే. ఉదయం ఆరూ నలభైకి క్వారీలో మనిషి ఉండడు, గర్జన కూడా రాలేదు. వీరబాబు దాన్నే పట్టుకుంటాడు. కొట్టేద్దామా అని అడిగాను.

"ఎందుకు కొట్టేయడం? అది నిజమేగా. భూమి చేసింది భూమి మీద వెయ్యి. వాళ్లు చేసింది వాళ్ల మీద వెయ్యి."

"మరి ఈ పేజీలు? నిన్ను అన్న మాటలు?"

"ఉండనీయవే. చింపితే ఏదో దాచారంటారు." కట్టు కట్టిన కాలు సర్దుకుని, "ఒక పని చెయ్యి. ఆ రోజు నేను చెప్పబోయిన మాట కూడా అందులో రాయి. పూర్తిగా. మధ్యలో నోరు పెట్టకుండా," అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు:

"అయ్యా, ఒక్క మాట. అమావాస్యనాడు క్వారీకి సెలవు. ఆ రోజు నా గోడ నుంచి మట్టి రాలదు. మిగతా రోజులన్నీ రాలుద్ది. కాబట్టి ఊపేది నేల కాదయ్యా, వాళ్లు."

"అయిపోయిందా అత్తా?"

"ఇంతేనే. దీనికి నువ్వు మూడు నెలలు రాశావు."

మే 3, గురువారం

ఇది సైదాబీ అత్త ఇంటి ముందు, వేపచెట్టు నీడలో రాస్తున్నాను. ఆర్డీవో గారు పుస్తకం కోసం చేయి చాపారు. ఒక్క అయిదు నిమిషాలు గడువడిగాను.

ఆయన పదింటికి వచ్చారు. యలమందయ్య గారు వచ్చారు, వీరబాబు వచ్చాడు, సగం ఊరు వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర దాకా ఉన్నారు. చెంబులో నీళ్లు పోసి అరుగు మీద పెట్టించారు. నీటి మీద ముడత కూడా పడలేదు. వీరబాబు చేతులు కట్టుకుని, "చూశారుగా సార్. మీరే చూస్తున్నారు," అన్నాడు.

"ఏమీ కదలడం లేదేంటమ్మా?" అన్నారు ఆర్డీవో గారు, నన్ను చూసి.

జవాబు నాలుక మీదే ఉంది. రెండు ఉపమానాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. వాటిని వదిలేశాను. పక్కకు జరిగి, మంచం మీదున్న సైదాబీ అత్తను చూపించాను.

ఆమె కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. "అయ్యా, ఒక్క మాట. అమావాస్యనాడు..." అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. కోటేష్ వెనక్కి తిరిగి, "ఒరేయ్, మాట పూర్తి కానివ్వండ్రా," అని కసిరాడు.

ఆమె పూర్తి చేసింది. తర్వాత ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాన్న తల వంచుకుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. యలమందయ్య గారు వీరబాబు వైపు చూడకుండా, "అమావాస్య సెలవు మాట నిజమేనండి," అన్నారు మెల్లగా.

నెల రోజులు ఇక్కడ కొలిచే యంత్రం పెట్టిస్తామన్నారు ఆర్డీవో గారు. అప్పటిదాకా కొత్త గుంత పని ఆపుతారా అని అత్త అడిగింది. పుస్తకం చూసి చెబుతామన్నారు. ఆపుతారో లేదో నాకు తెలియదు. ఈ జవాబు ఇప్పుడు చేదుగా లేదు.

అత్త మంచం పక్కకు తెప్పించుకున్న మిషను పెడలు మీద ఎడమ కాలు పెట్టి చూసుకుంటోంది. వంకరగా ఒక వరస కుట్టు పడింది. "ఛీ, నీ చేతిరాతలా ఉందే," అంటోంది నాతో.

ఆయన మళ్లీ చేయి చాపారు. ఇస్తున్నాను. ఆఖరి నమోదు, ఎర్ర సిరాతో, అంచులో కాదు, ఇక్కడే:

మే 3. అమావాస్యకు ఇంకా ఇరవై రోజులున్నాయి. నేల కదల్లేదు. ఆర్డీవో గారు వచ్చారు.